కోరంగి మడ అడవికి వెళ్లండి, లాడ్జి రసీదు మాత్రం ముందే అడగండి

అమలాపురం నుంచి కాకినాడ దగ్గరి కోరంగికి పొద్దున్నే బయలుదేరితే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా హాయిగా చేరిపోవచ్చు. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఒక్కరోజులో రానూపోనూ కష్టమని ముందురోజు రాత్రి కాకినాడలో ఆగాం. ఫోన్‌లో ఏసీ గది 1,600 రూపాయలని చూసి డబ్బు కట్టేశాం. తీరా వెళ్తే కౌంటర్లో ఉన్నతను, "అది నాన్ ఏసీ రేటండీ, ఏసీ వేయాలంటే ఇంకో 500" అన్నాడు. బుకింగ్ చూపిస్తే, "అది వాళ్లతో మాట్లాడుకోండి" అని మొహం తిప్పుకున్నాడు. రాత్రి తొమ్మిదిన్నర. అత్తయ్య సోఫాలో కూలబడి ఉన్నారు. కట్టక ఏం చేస్తాం? అదనపు పరుపుకి 300, పొద్దున రెండు బకెట్ల వేడినీళ్లకు 60, మొత్తం 2,460 అయింది. రసీదు అడిగితే ప్రింటర్ పనిచేయడం లేదట. డబ్బు పోతే పోయింది, ఒంట్లో బాగోలేని పెద్దావిడ ఎదురుగా ఉండగా అలా బేరం పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మీరు ఎక్కడ దిగినా సరే, రసీదు చేతికొచ్చాకే సామాను పైకి పంపండి.

మా మేనల్లుడిది ఇంకో గొడవ. బెంగళూరులో ఉద్యోగం, సెలవు దొరికితే హంపీ వెళ్లి బండరాళ్లు ఎక్కుతుంటాడు. "ఈ ఒండ్రు నేలలో ఎక్కడానికి ఏముంటుంది మావయ్యా" అంటూ ఆటోలో చొల్లంగి దాకా ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ఆటోకి వెయిటింగుతో కలిపి రానూపోనూ 700 ఇచ్చాం. అది న్యాయమే అనిపించింది.

అడవిలోకి చెక్కల బాట వేశారు. ఎత్తుపల్లాలు లేవు, రెండు పక్కలా ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్లు గోడల్లా లేచి పైన కలుసుకుంటాయి. అత్తయ్య చేతికర్ర మీద నెమ్మదిగా, ఆగి ఆగి, మొత్తం నడిచేశారు. మేం వెళ్లింది పాటు సమయం, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ. నీళ్లు తీసి బురద బయటపడింది, అందులోంచి తెల్లమడ శ్వాసవేర్లు మేకుల్లా వేలకు వేలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఈ చెట్లు వేళ్లను ఇలా పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. ఒక వేరు మీదికి బొటనవేలంత బురదచేప రెక్కలు ఆనించి పాకింది, జారింది, మళ్లీ పాకింది. మేనల్లుడు చెక్కల మీద బోర్లా పడుకుని చూస్తూ ఉండిపోయాడు. "పట్టు చూడు మావయ్యా!" అన్నాడు. ఇక ఫోన్ తీస్తే ఒట్టు.

అక్కడి వాచర్ తిల్ల చెట్టు చూపించి ఆకు తుంచొద్దన్నారు. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు పట్టి తినే అడవిపిల్లి, నీటిపిల్లి ఉంటుంది కానీ అది రాత్రి తిరిగేది, పగలు కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి. 1839 తుపానులో కోరంగి రేవు కొట్టుకుపోయిన కథ మా తాతల నోట విన్నదే. ఆ వేళ్ల అల్లిక చూశాక, మడ అడవి అలల జోరును ఎలా తగ్గిస్తుందో కళ్లారా అర్థమైంది. ఇలాంటి చోట చిప్స్ ప్యాకెట్లు పారేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

పడవ షికారు కావాలంటే పోటు, అంటే నీళ్లు పెరిగే వేళ, రావాలి, వేర్లూ బురదచేపలూ చూడాలంటే పాటు ఉండాలి. రెండూ ఒకే గంటలో కుదరవు. నన్నడిగితే నడకే మేలు.

తిరుగు దారిలో ఆటో అబ్బాయి ఒక ఇంటి మెస్‌కి తీసుకెళ్లాడు. భోజనం 150, మెత్తళ్లు మామిడికాయ కూర 120. పులుపు సరిగ్గా పట్టింది, ముల్లు నోట్లోనే కరిగిపోతోంది. అత్తయ్య చేపలు తినరు. ఆ సంగతి తెలియగానే మెస్ ఆవిడ, "రెండు నిమిషాలు కూర్చోండి పిన్నిగారూ" అని ముద్దపప్పు పోపు లేకుండా వేడిగా దించి, ఆవకాయ, నెయ్యి వేసి పెట్టింది. బిల్లులో అత్తయ్యకు 80 మాత్రమే రాసింది. ఎందుకమ్మా అంటే, "కూర తినలేదు కదండీ" అంది. రాత్రి లాడ్జిలో ముభావంగా ఉన్న అత్తయ్య అక్కడ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

దసరాకి మేనల్లుడు స్నేహితుల్ని తెస్తానంటున్నాడు. ఈసారి కాకినాడలో ఆగం. కాకినాడ పోటుపాటుల వేళలు ఫోన్‌లో చూసుకుని, పొద్దున పాటు పడే రోజు ఎంచుకుని అమలాపురం నుంచి నేరుగా వెళ్తాం.