డిస్కు పెట్టె మొరాయిస్తే: డ్రైవర్ మార్చాలా, పెట్టెనే మార్చాలా?

లినక్స్‌లో పెద్ద ఫైలు కాపీ అవుతుండగా యూఎస్‌బీ డిస్కు మాయమై, కర్నెల్ లాగ్ (సిస్టమ్ సందేశాల చిట్టా) నిండా ‘యూఏఎస్’ (యూఎస్‌బీ డిస్కులను వేగంగా నడిపే పద్ధతి) పేరుతో ఫిర్యాదులు కనిపిస్తే ముందు కేబుల్ మార్చి చూడండి. లొంగకపోతే దారులు రెండు: డ్రైవర్ మార్చడం, లేదా డిస్కును ఉంచి యూఎస్‌బీకి కలిపే పెట్టెను మార్చడం.

ఖర్చు: యూఏఎస్‌ను ఆపి పాత యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్‌కు మళ్లడం ఉచితం. కొత్త పెట్టెకు డబ్బు పెట్టాలి.

శ్రమ: డ్రైవర్‌కైతే పెట్టె యూఎస్‌బీ ఐడీ (గుర్తింపు సంఖ్య) చూసి, బూట్ సెట్టింగుల్లో ఒక్క వరుస చేర్చాలి. పెట్టెకు స్క్రూడ్రైవర్ చాలు.

వేగం: పాత డ్రైవర్ వాడితే, లోపల పళ్లేలు తిరిగే హార్డ్‌డిస్కుకు పెద్ద తేడా తెలియదు. ఎస్‌ఎస్‌డీ మందగిస్తుంది.

ప్రమాదం: అసలు మెలిక కొత్త పెట్టెలోనే. కొన్ని పెట్టెలు 512 బైట్ల సెక్టార్లను (డిస్కులో డేటా దాచే చిన్న గళ్లను) 4096 బైట్లవిగా చూపిస్తాయి. డిస్కును వేరే పెట్టెలోకి మార్చగానే ఫైళ్లు కనిపించకపోవచ్చు. ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగితే పొరపాటున కూడా సరే అనకండి. పాత పెట్టెలో తిరిగి పెట్టి చూడండి.

బ్యాకప్ డిస్కయితే డ్రైవర్ మార్పుతో సరిపెట్టుకోవచ్చు. నాలుగు కంప్యూటర్లకు తిప్పేవారికి పెట్టె మార్చడమే మేలు. సెట్టింగు డిస్కు వెంట రాదు కదా!