ఒంగోలు ఎండకి నా బండి కార్బన్ ఫైబర్ నిలబడిందా?

నా పల్సర్ ఎన్‌ఎస్ 200కి అతికించిన కార్బన్ ఫైబర్ ముక్కలు రెండు ఎండాకాలాలు దాటాయి. ట్యాంకు ప్యాడ్, అటూ ఇటూ టెయిల్ ముక్కలు ఈరోజుకీ అంచు లేవలేదు. వారమంతా చీమకుర్తి దారిలో గ్రానైట్ లారీల వెనక తిరిగే బండి, సెలవొస్తే కొత్తపట్నం బీచికి పోతుంది. ఎండ, రాతిదుమ్ము, ఉప్పుగాలి అన్నీ తగిలాక చెప్తున్నా: కార్బన్ ఎంత మంచిదన్నది తర్వాత, ముందు టేపు సంగతి చూడండి.

ముక్కలతో పాటే అంటించి పంపిన తెల్ల ఫోమ్ టేపు నాకు నచ్చలేదు. గోరుతో నొక్కితే అణిగిపోయి మళ్లీ పైకి రాలేదు. మొత్తం గీకేసి త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ 5952 అనే రెండువైపులా అతుక్కునే టేపు వేశాను. నల్లటి టేపు, 1.1 మిల్లీమీటర్ల మందం. ఆ మందంలోనే ఉంది అసలు విషయం. వేడికి ప్లాస్టిక్ సాగుతుంది, కార్బన్ దాదాపు సాగదు. అడుగు పొడవున్న ఏబీఎస్ (బండి ప్యానెళ్లకి వాడే ఒక రకం ప్లాస్టిక్) ప్యానెల్ 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకి వేడెక్కితే ఇంచుమించు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండలో పెట్టిన నల్ల బండి ప్యానెల్ మీద చెయ్యి ఆనించి చూడండి, తెలుస్తుంది. మెత్తటి టేపు ఆ సాగుడుని తనలో కలుపుకుంటుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు గట్టిపడిపోతుంది, ఆ లాగుడికి పగులుతుంది, పైగా చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వదులుతుంది. నిగనిగలాడే నల్ల కార్బన్ పక్కన ఆ మరక చూడలేం.

అతికించే ముందు పెట్రోలు గుడ్డతో తుడిస్తే చాలనే వాళ్లని నమ్మొద్దు. పెట్రోలు ఆరాక సన్నటి జిడ్డు మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీళ్లు సగం సగం కలిపి కొత్త గుడ్డతో తుడవాలి. ఆ ముందు నెలరోజులు బండికి పాలిష్, వ్యాక్స్ పెట్టించకుండా ఉంటే ఇంకా మంచిది. చీమకుర్తి దుమ్ము విషయంలో ఇంకో మాట: మొదట నీళ్లు పోసి కడగాలి. పొడిగుడ్డతో రుద్దితే ఆ రాతిపొడి పెయింటు మీద గీతలు గీస్తుంది.

పొద్దున్నే నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు అతికించాను. బొటనవేలితో అంగుళం అంగుళం గట్టిగా నొక్కాలి, ఈ టేపు పట్టేది ఒత్తిడికే. ఇరవై నిమిషాల్లో సగం బలం వస్తుంది, పూర్తి బలానికి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులు వాటర్ సర్వీసింగ్‌కి ఇవ్వకండి. తర్వాత కూడా ప్రెషర్ గన్ నేరుగా అంచు మీద పెట్టనివ్వను. సర్వీసింగ్ కుర్రాడికి ముందే చెప్తాను: "తమ్ముడూ, అక్కడ దూరం నుంచి కొట్టు." పెట్రోలు మూత దగ్గర కూడా వేలెడు జాగా వదిలాను.

పెయింటు లేని గరుకు నల్ల ప్లాస్టిక్ మీద మాత్రం ఈ పని పెట్టుకోకండి. ప్యానెల్ విప్పి లోపలివైపు చూస్తే ఏ ప్లాస్టికో అచ్చు గుద్ది ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే దిగులు లేదు. పీపీ అని ఉంటే పాలీప్రొపైలీను, దానికి టేపు పట్టడం కష్టం. టేపు పట్టు పెంచడానికి ముందుగా పూసే త్రీఎం ప్రైమర్ 94 రాసి అతికిస్తే కొంత మేలు. గరుకుగా ఉన్నచోట టేపు ఎత్తుల మీదే ఆనుతుంది, గుంటల్లోకి దిగదు. అలాంటిచోట నట్టు, బోల్టు పెట్టి బిగించుకోవడమే నయం.

బోల్టు అంటే గుర్తొచ్చింది. మా బామ్మర్ది బండికి కార్బన్ హీల్ గార్డు (మడమ దగ్గరుండే రక్షణ ముక్క) నేరుగా అల్యూమినియం బ్రాకెట్‌కి బిగించి ఇచ్చారు. కొత్తపట్నంలో వాళ్ల ఇల్లు సముద్రానికి దగ్గర. కొన్నాళ్లకి బోల్టు చుట్టూ తెల్లటి పొడి, గోకితే కింద అల్యూమినియం గుంటలు పడి ఉంది. కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఉప్పు తేమ తోడైతే దాన్ని ఆనుకున్న అల్యూమినియం తినేసుకుపోతుంది. నా బండికి గార్డుకీ బ్రాకెట్‌కీ మధ్య నైలాన్ వాషర్, బోల్టు చుట్టూ చిన్న నైలాన్ బుష్ పెట్టించాను. తీరంలో ఉండేవాళ్లు ఈ పది రూపాయల పని మర్చిపోవద్దు.

అంచు కాస్త పొడుగొస్తే బ్లేడుతో కొయ్యకండి, కార్బన్ దారాల నేత విడిపోతుంది. 400 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్ది, క్లియర్ లక్కర్ పూయాలి. చీమకుర్తిలో రాయిని నీళ్లు పోస్తూ కోసినట్టే ఇదీను: పొడిగా రుద్దితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చేతులు దురద పెడతాయి. మాస్కు తప్పనిసరి.

నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఆఫీసు దగ్గర పడమటెండ పడే వైపు టెయిల్ ముక్క కాస్త పసుపు తిరిగింది. అది కార్బన్ దోషం కాదు, పైనున్న ఎపాక్సీ (దారాల్ని పట్టి ఉంచే రెసిన్) ఎండకి అలా మారుతుంది. కొనేటప్పుడే యూవీ తట్టుకునే క్లియర్ కోటు ఉందా అని అడగండి. నాది తీసి టూకే క్లియర్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే పారదర్శక కోటు) కొట్టించాలి. తీయడం తేలికే: హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, చేపలు పట్టే నైలాన్ దారాన్ని వెనక రంపంలా అటూ ఇటూ లాగితే టేపు తెగిపోతుంది, మిగిలిన జిగురు బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి వచ్చేస్తుంది. కింద పెయింటుకి ఏమీ కాదు, కంపెనీ పెయింటు అయితే. రీపెయింటు చేయించిన బండికి ఆ హామీ నేనివ్వలేను.