లండన్ నుంచి ఒక్కరోజు: టూర్ బస్సా, సొంతంగా రైలా?

హన్మకొండ నుంచి అమ్మా బాపులను లండన్‌లో తమ్ముడి దగ్గరికి తీసుకపోయినప్పుడు రెండూ చేసి చూసినం.

ముందు టూర్ బస్సు. విండ్సర్ కోట, వేల ఏండ్ల నాటి పెద్ద నిలువురాళ్ల వలయం స్టోన్‌హెంజ్, బాత్ నగరం, మూడూ ఒక్కరోజులో. వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట, రామప్ప, లక్నవరం పొద్దుగూకేలోపు చుట్టేసినట్టే. దారి వెతికే పని లేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు హాయి. కానీ గడియారం గైడు చేతిలో ఉంటది. స్టోన్‌హెంజ్‌లో టికెట్ల దగ్గర నుంచి రాళ్ల దాకా రెండు కిలోమీటర్ల పైనే, షటిల్ బస్సుకే సగం టైం పోయింది. తాడు ఇవతల నిలబడి "గీ పై రాయిని ఎట్ల ఎక్కిచ్చిండ్రో" అని బాపు లెక్కలు మొదలుపెట్టిండో లేదో, గైడు గొడుగు ఎత్తింది. బాత్‌లో ఏం చూసినమో ఫోటోలు చూస్తే గాని గుర్తురాదు.

వారానికి బాపు, నేను స్టోన్‌హెంజ్ ఒక్కదానికే మళ్ల పోయినం. లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరకు సాలిస్‌బరీ, అక్కడి నుంచి బస్సు. అప్పటికప్పుడు కొన్న రైలు టికెట్ మాత్రం గూబ గుయ్యిమనిపించింది. అయితేనేం, బాపు ప్రదక్షిణ చేసినట్టు మూడుసార్లు తిరిగిండు. నిలువు రాయి నెత్తిన బొడిపె, పై రాయికి గుంత: అచ్చం వడ్రంగి అతుకే. గడ్డి మీద కూసొని సకినాలు నములుతూ అదే చెప్పిండు. తిరుగు దారిలో సాలిస్‌బరీ చర్చిలో 1215 నాటి మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం) ప్రతి కూడా చూసినం.

అమ్మ వెంట ఉంటే మళ్లీ బస్సే బుక్ చేస్త. కాకపోతే మూడు ఊర్లది కాదు, రెండూర్లది.