ఫ్లోరైడ్ మరకల పళ్ళకు అనంతపురంలో దొరికే వైద్యాలు: ఏది మేలు, ఏది తొందరపాటు

పెళ్ళి ఖాయమయ్యాకో, ఉద్యోగం ఇంటర్వ్యూ ముందో పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది "ఈ పసుపు పోతుందా సార్?" అనే. పోతుందా లేదా అన్నది ఆ రంగు పంటి మీద ఉందా, పంటిలోనే ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పైన పేరుకున్నది గార. లోపల ఉన్నది మన జిల్లాలో చాలామందికి బోరు నీళ్ళ ఫ్లోరైడ్ వల్ల వచ్చినదే. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. ఎనిమిదేళ్ళ లోపు, చిగురు కింద ఎనామిల్ (పంటి గట్టి పైపొర) తయారవుతున్న వయసులో, అంతకు మించి తాగితే పళ్ళు మరకలతోనే బయటికి వస్తాయి. పెద్దయ్యాక తాగిన నీళ్ళు అప్పటికే వచ్చిన పళ్ళ రంగు మార్చవు.

ముందుగా క్లీనింగ్ సంగతి. మరకకు ఏ వైద్యం చేయించుకున్నా మొదటి మెట్టు ఇదే. "క్లీనింగ్ చేపిస్తే పండ్లు వదులైపోతాయంట కదా" అన్న భయం ఇక్కడ బాగా ఉంది. క్లీనింగ్ మిషన్ మొన సెకనుకు 25 వేలకు పైగా కంపిస్తూ, నీళ్ళు చిమ్ముతూ గారను విడగొడుతుంది. సరిగ్గా పట్టుకుంటే ఎనామిల్‌ను గీకదు. తర్వాత కనిపించే సందులు ఎప్పుడో చిగురు కుంగిపోయి ఏర్పడినవే, అన్నాళ్ళూ వాటిని గార నింపి ఉంచింది. నాలుగు రోజులు జివ్వుమనడం మామూలే. చివర పాలిషింగ్ చేయకుండా పంపిస్తే మాత్రం పని సగమే అయినట్టు, గరుకుగా మిగిలిన చోట పాచి త్వరగా పడుతుంది. క్లీనింగ్‌తో ఫ్లోరైడ్ మరక పోదు. పోతుందని చెప్పే చోట రెండో మాట వినక్కర్లేదు.

బ్లీచింగ్ రెండు రకాలుగా దొరుకుతోంది. క్లినిక్కులో చేసేది 35 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్‌తో. ముందు చిగుళ్ళ మీద రక్షణ పూత పోసి లైటుతో గట్టిపరచాలి. ఈ పని హడావుడిగా చేస్తే జెల్ కారి చిగురు తెల్లగా కాలుతుంది. మంట పుడుతుంది, రెండు మూడు రోజుల్లో మానుతుంది. ఇంట్లో చేసుకునేది 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో, అంటే సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ బలం. పళ్ళ అచ్చు తీసి పల్చటి ట్రే చేసిస్తారు. పంటికి బియ్యపు గింజంత జెల్ వేసి రాత్రంతా పెట్టుకోవాలి, అంచుల్లోంచి పొంగినదాన్ని తుడిచేయాలి. మామూలు పసుపుకు రెండు వారాలు చాలు. ఫ్లోరైడ్ మరకకు నెల, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఈ రెండింట్లో ఇంటి ట్రేకే మా ఓటు. నెమ్మదిగా పనిచేస్తుంది, జివ్వుమంటే ఒక రాత్రి ఆపుకోవచ్చు, ట్రే దాచుకుంటే ఏడాది తర్వాత జెల్ ఒక్కటే కొనుక్కోవచ్చు. ఒక్క పూటలో తెల్లబడ్డ పళ్ళను చూసి ఆ రోజే మురిసిపోకూడదు. పంటిలో తడి ఆరిపోవడం వల్ల అప్పటికి ఉన్నదాని కన్నా తెల్లగా కనిపిస్తుంది, అసలు రంగు రెండు వారాలకు గానీ నిలబడదు. ఫ్లోరైడ్ పళ్ళలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సున్నపు చారల్లాంటి తెల్ల మచ్చలు మొదటి రోజుల్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఈ మాట ముందే చెప్పని చోట పేషెంటు బెదిరి మధ్యలోనే మానేస్తాడు. బ్లీచింగ్ క్యాపుల రంగునూ, ముందు పళ్ళలో పెట్టిన సిమెంటు రంగునూ మార్చదు. అందుకే బ్లీచింగ్ ముందు, సిమెంటు మార్చడం తర్వాత. ఆ మార్చడమైనా రెండు వారాలు ఆగి చేయాలి, పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల కొత్త సిమెంటు సరిగా అతుక్కోదు. గర్భిణులు ప్రసవం దాకా ఆగడం మంచిది.

గోధుమ రంగు మరకకు అన్నిటికన్నా ముందు అడగాల్సింది మైక్రోఅబ్రేషన్, అంటే మరక ఉన్న పైపొరను పల్చగా రుద్ది తీయడం. కుర్చీలో ఎక్కువసేపు పట్టే పని కాబట్టి అన్ని క్లినిక్కుల్లో చేయరు. చిగుళ్ళకు అంటకుండా రబ్బర్ డ్యామ్ (పల్చటి రబ్బరు తెర) కట్టి, పేషెంటు కళ్ళకు అద్దాలు పెట్టి, 6.6 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, సిలికాన్ కార్బైడ్ పొడి కలిసిన పేస్టును రబ్బరు కప్పుతో నిమిషంసేపు నెమ్మదిగా రుద్దుతారు. కడిగి, పంటిని తడిగానే చూసి, అవసరమైతే మళ్ళీ రుద్దుతారు. మొత్తం మీద పోయే ఎనామిల్ మామూలుగా 0.2 మిల్లీమీటర్ల లోపే. కొన్ని విడతలయ్యాక రంగులో మార్పు లేదంటే మరక లోతుగా ఉన్నట్టు, అక్కడ ఆపాలి. ఆపకుండా రుద్దితే పళ్ళు సన్నబడి లోపలి పసుపు ఇంకా బయటపడుతుంది. చివర ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, రెండు మూడు రోజులు టీ, కాఫీ, పసుపు ఎక్కువ వేసిన కూరలు మానమంటారు. లోతు తక్కువ మరకల మీద మైక్రోఅబ్రేషన్, దాని తర్వాత ఇంటి ట్రే బ్లీచింగ్: ఈ జోడీ పంటికి చేసే చెరుపు తక్కువ, ఇచ్చే ఫలితం ఎక్కువ.

గుంటలు పడ్డ పళ్ళకు కాంపోజిట్ (లైటుతో గట్టిపడే పంటిరంగు సిమెంటు) పూత ఒక్క పూటలో అయిపోతుంది. రెండు మిల్లీమీటర్ల కన్నా మందంగా ఒకేసారి వేస్తే లైటు అడుగుదాకా పోదు, లోపల మెత్తగా మిగిలి అంచు ఊడుతుంది. టీ మరక పడుతుంది కనుక ఏడాదికోసారి పాలిష్ చేయించాలి, ఐదారేళ్ళకు మార్చాల్సి రావచ్చు.

పింగాణీ వెనీర్లు, అంటే పంటి ముందువైపు అతికించే పల్చటి రేకులు, చూడ్డానికి బాగుంటాయి. పంటి ముందుభాగం 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు అరగదీస్తారు. అరగదీసింది తిరిగి రాదు కనుక ఇది మరక లోతుగా ఉన్నవాళ్ళకే. ఫ్లోరైడ్ ఎనామిల్ యాసిడ్‌కు సులభంగా లొంగదు. అతికించే ముందు యాసిడ్ పట్టించే సమయం మామూలుగా ఉంచినంతే ఉంచితే పట్టు చాలక వెనీర్ ఊడి చేతికొస్తుంది. ఈ ఊళ్ళో వెనీర్ వేసే డాక్టరుకు తెలిసి ఉండాల్సిన మొదటి విషయం ఇదే, నిస్సంకోచంగా అడగండి. రంగు ఎంచుకోవడం పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ తుడుచుకుని జరగాలి. "అన్నిటికన్నా తెల్లది వేయండి" అంటే పక్క పళ్ళు ఇంకా పసుపుగా కనిపిస్తాయి. రాత్రి పళ్ళు కొరికేవాళ్ళకు, ముందు పళ్ళతో ఎముక కొరికే అలవాటున్నవాళ్ళకు వెనీర్ వద్దు.

క్యాపుల విషయంలో మా అభ్యంతరం గట్టిది. గట్టి పళ్ళున్న ఇరవై ఏళ్ళ పిల్లకు, పిల్లాడికి రంగు కోసమే ఆరేసి క్యాపులు వేయడం చేయకూడని పని. పింగాణీ క్యాపు కోసం పంటి చుట్టూ 1 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు కోస్తారు. ఆ దెబ్బకు కొన్ని పళ్ళలో నరం తర్వాత చచ్చిపోతుంది, రూట్ కెనాల్ అవసరమవుతుంది, క్యాపు ఎన్నేళ్ళకో మార్చాల్సి వస్తుంది, మార్చిన ప్రతిసారీ మిగిలేది తక్కువ. రూట్ కెనాల్ అయిన దవడ పళ్ళకు, సగం విరిగిన పళ్ళకు మాత్రం క్యాపు తప్పనిసరి. నొప్పి పోయింది కదా అని వేయించుకోకుండా తిరిగితే పన్ను నిలువునా చీలుతుంది, అప్పుడిక పీకడమే. ముందు పంటికి లోహం మీద పింగాణీ వేసిన క్యాపైతే కొన్నేళ్ళకు చిగురు దగ్గర నల్లగీత తేలుతుంది. అక్కడ లోహపు పొర లేని తెల్లటి జిర్కోనియా క్యాపు మేలు, ల్యాబ్ ఇచ్చే వారంటీ కార్డు అడిగి తీసుకోండి. ధర పంటికి ఎంతో, అందులో తాత్కాలిక క్యాపు, ఎక్స్‌రేలు కలిశాయో లేదో పని మొదలుకాక ముందే కాగితం మీద రాయించుకోండి.

ఖర్చు భారమనుకునేవాళ్ళకు కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీ, కర్నూలు జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉన్నాయి. విద్యార్థులు, పీజీలు చేసే పనిని దశదశకూ ప్రొఫెసర్లు చూస్తారు కాబట్టి ఒక్క పూటలో అయ్యే పనికి మూడు నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు. ఊరు దూరమైతే ఆ బస్సు ఛార్జీలు, పోయే కూలి కూడా లెక్కేసుకోండి. పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్ళండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళు తాగే బోరు నీళ్ళను పరీక్ష చేయించడం వీటన్నిటికన్నా చవక. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు దాన్ని ఆపదు, ఆర్వో తగ్గిస్తుంది. "నీళ్ళలోనే ఉంది కదా, పేస్టు కూడా మానేద్దామా" అని తల్లులు అడుగుతుంటారు. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళలోపు బఠాణీ గింజంత పెట్టి, మింగకుండా ఉమ్మించండి. నీటి పరీక్షలో అంకె 1.5 దాటితే మాత్రం ఆ కాగితం డాక్టరుకు చూపించి, పిల్లలకు ఏ పేస్టు వాడాలో అడిగాకే కొనండి.