సర్కారు తుమ్మ బొగ్గుకు మట్టి బట్టీ మేలా, డ్రమ్ము మేలా?

పాలమూరు, నల్గొండ జిల్లాల్లో చెరువు శిఖాల్లోనూ (చెరువు నీరు నిలిచే నేలల్లోనూ), బీడు పడ్డ చెల్కల్లోనూ అల్లుకుపోయిన సర్కారు తుమ్మను బొగ్గు చేయదలచిన రైతు, ముందుగా తన చేతికి వచ్చేది ఎటువంటి కట్టెయో చూసుకోవాలి.

మట్టి బట్టీకి పెట్టుబడి దాదాపు లేదు. మొద్దులను దగ్గరగా పేర్చి, పైన గడ్డి పరిచి, మట్టితో కప్పి, గాలికి సన్నని కంతలు వదిలితే చాలు; కట్టె ఉన్నచోటే బట్టీ లేస్తుంది కనుక మోత ఖర్చు కూడా తప్పుతుంది. కానీ కట్టె కాలుతున్న కొద్దీ కుప్ప కుంగి, పైమట్టి ఎక్కడ పగిలినా గాలి చొరబడి లోపలి బొగ్గంతా బూడిదవుతుంది కాబట్టి, రాత్రింబవళ్లు కాపలా తప్పదు. ఇంత చేసినా 100 కిలోల ఎండుకట్టెకు సాధారణంగా 10 నుంచి 20 కిలోల బొగ్గే దక్కుతుంది.

డ్రమ్ము వంటి ఇనుప బట్టీని జాగ్రత్తగా నడిపితే ఈ దిగుబడి 20 నుంచి 30 కిలోల దాకా ఉంటుంది. 200 లీటర్ల పాత డ్రమ్ముకు అడుగున కంతలు పెట్టి, రాళ్లపై నిలిపి, మణికట్టు లావు కొమ్మలను ముక్కలు చేసి నింపి, నిప్పంటిస్తారు. మొదట వచ్చే చిక్కటి తెల్లపొగ చాలావరకు నీటి ఆవిరే; అది పలచబడి నీలిరంగుకు తిరిగినప్పుడు మూత వేసి, అడుగునా అంచులకూ మట్టి మెత్తాలి. పూర్తిగా చల్లారక ముందే మూత తీస్తే బొగ్గు మళ్లీ రాజుకుంటుంది. ఏ పద్ధతిలోనైనా పొగలో ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కనుక, ఇంటి పక్కన ఈ పని తగదు.

పచ్చికట్టెతో రెండు బట్టీలూ నష్టమే. నీటిని ఆవిరి చేయడానికే కొంత కట్టె కాలిపోతుంది. అందుచేత నరికిన కట్టెను ఎండనివ్వడమే, నా దృష్టిలో, బట్టీ ఎంపిక కన్నా ముఖ్యం.

ఇక గట్ల వెంట కొద్దికొద్దిగా కొట్టుకునే రైతుకు డ్రమ్మే మేలు. నేల మట్టానికి నరికిన సర్కారు తుమ్మ మోడు నుంచి మళ్లీ గుబురుగా చిగురిస్తుంది కాబట్టి, డ్రమ్ములో పట్టే సన్నకట్టెకు అతనికి కొదవుండదు. భూమిని సాగులోకి తేవాలనుకునేవారు మాత్రం మోళ్లను వేళ్లతో సహా పెకలించాలి. చీల్చడానికి లొంగని ఆ దుంగలకు మట్టి బట్టీయే తగినది.