రోజుకొక అంశం, మూడు నెలల చందా: విజయవాడలోని ఒక రచనా సేవపై సమీక్ష

ప్రతిరోజూ ఒక అంశం ఇచ్చి మన చేత కథలు రాయించే సేవ ఒకటి విజయవాడ గవర్నరుపేట నుంచి నడుస్తున్నది. దానికి చందా కట్టి, గడువు పూర్తయ్యే వరకు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. నిర్వాహకులు ఇద్దరే, చేతిలో ఉన్న కొద్దిపాటి వనరులతో చేస్తున్న పని ఇది. చెప్పవలసిన లోపాలు కొన్ని ఉన్నందున పేరు ప్రస్తావించడం లేదు. ఇటువంటి సేవలు తెలుగులో ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నాయి కాబట్టి, చందా కట్టేముందు ఏం చూసుకోవాలో తెలుసుకోదలచిన వారికి ఈ వివరాలు ఉపయోగపడవచ్చు.

ఉదయం ఆరు గంటలకు వాట్సాప్‌లో రెండు మూడు వాక్యాల అంశం ఒకటి వస్తుంది. దాన్ని వారు ప్రాంప్ట్ అంటారు. రాత్రి పడుకునే లోపు దాని మీద ఒక కథో, కథలోని ఒక ఘట్టమో, ఒక సంభాషణో రాయాలి. రాసినదాన్ని చందాదారుల వాట్సాప్ గుంపులో పెట్టాలన్న నిర్బంధం లేదు. వారానికొక రచనను విడిగా పంపితే దాని మీద అభిప్రాయం రాసి పంపుతారు. వీటితో పాటు ఒక నోటుపుస్తకం ఇస్తారు. మూడు నెలలకు చందా 600 రూపాయలు. ఆ డబ్బుకు తగిన సేవేనని నా అభిప్రాయం. అయితే ఆ విలువంతా వారు పంపే అంశాలలో ఒక్క రకంలోనే ఉంది. రాసేవారికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చిన అంశాలు దాదాపు అన్నీ వృథా అయ్యాయి. ఏదో ఒక కట్టుబాటు పెట్టిన అంశాలు మాత్రం కలం కదిలించాయి.

మొదటి వారాల్లో ‘సంతోషం’, ‘ఒంటరితనం’, ‘నదితో నా మాటలు’ వంటివి ఎక్కువగా వచ్చాయి. వినడానికి ఇవి ఉదారంగా ఉంటాయి, ఎవరికి తోచింది వారు రాసుకోవచ్చుననిపిస్తుంది. జరిగింది మాత్రం వేరు. నదితో మాటలు అనగానే గుంపులో చాలామంది కృష్ణమ్మను తల్లిగా సంబోధించి, కాలుష్యానికి బాధపడి, క్షమాపణతో ముగించారు. నా రచన కూడా అదే దారిలో పోతున్నదని రెండో పేరాలోనే తెలిసింది. విశాలమైన అంశం ఇచ్చినప్పుడు మనసు తనకు అలవాటైన మాటలనే ముందుగా అందిస్తుంది. మనం పాఠశాలలో రాసిన వ్యాసాలు, వార్షికోత్సవాల్లో విన్న ఉపన్యాసాలు అన్నీ అందులోకి వచ్చి కూర్చుంటాయి. చిన్ననాటి వీధి, అమ్మమ్మ ఇల్లు వంటి జ్ఞాపకాల అంశాలదీ ఇదే పరిస్థితి. వాటిని చదివితే ఊరందరికీ ఒకే అమ్మమ్మ ఉన్నదేమోననిపిస్తుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన అంశం రెండో నెలలో వచ్చింది. ప్రకాశం బ్యారేజీకి ఉన్న 70 గేట్లూ ఎత్తిన రోజున, వరద చూడవచ్చిన జనం మధ్య, ఒక మనిషి నదికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అతను ఎందుకు వచ్చాడో పదిహేను వాక్యాలలో చెప్పాలి, నీటి ప్రస్తావన ఎక్కడా రాకూడదు. ఇందులో స్థలం, సమయం, మనిషి నిలబడ్డ తీరు మన ప్రమేయం లేకుండానే నిర్ణయమైపోయాయి. మనకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఖాళీ కాగితం ముందు కూర్చున్నప్పుడు భయపెట్టేది ఊహ లేకపోవడం కాదు, ఒకేసారి తీసుకోవలసిన నిర్ణయాలు లెక్కకు మించి ఉండటం. ఆ నిర్ణయాలలో చాలావాటిని ఇతరులు తీసుకుని పెడితే మిగిలిన ఒక్కదాని మీద మనసు నిలుస్తుంది. ఆ రోజు గుంపులోకి వచ్చిన రచనల్లో ఏ రెండూ ఒకలా లేవు. ఒకరి మనిషి అప్పు ఇచ్చినవాడి కోసం ఎదురుచూస్తున్నాడు, మరొకరి మనిషి మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకుంటున్నాడు కాబట్టి నది వైపు చూసే తీరిక లేదు. నీటిని నిషేధించడం వల్ల వరద వర్ణన రాసే సులభమైన దారి మూసుకుపోయి, అందరూ మనిషి వైపు తిరగవలసి వచ్చింది.

అదే కోవలో వచ్చిన మరొక అంశం ఇంకా బలమైనది: వరద తగ్గిన ఒక ఇంటి గోడ మీద నీళ్ళు నిలిచిన గీత ఉంది, అది ఎంత ఎత్తు వరకు వచ్చిందో ఆ ఇంట్లోని ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్న సంగతి ఈ ఊరివారికి విడిగా గుర్తుచేయనక్కరలేదు. అంశంలో సింగ్‌నగర్ పేరు లేదు, విషాదం అనే మాట లేదు, ఉన్నది గోడ మీద గీత మాత్రమే. అయినా ఆ రోజు వచ్చిన రచనలు ఈ మూడు నెలల్లోకెల్లా మంచివి. గోడకు సున్నం వేయిద్దామనే భర్త, బీమా వాళ్ళు వచ్చి చూసేదాకా గీత చెరపవద్దనే భార్య ఉన్న సంభాషణ ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది.

కట్టుబాటు పెట్టి రచన రాబట్టే పద్ధతి మనకు కొత్తది కాదు. అవధానంలో పృచ్ఛకులు, అంటే కవిని ప్రశ్నలడిగి పరీక్షించేవారు, చేసే పని ఇదే. సమస్య ఇచ్చేవారు పద్యంలో చివరి పాదం ఇస్తారు, అది చూడగానే అసంగతంగా ఉంటుంది; దానికి అర్థం కుదిరేలా మిగతా పాదాలు చెప్పాలి. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అనే సమస్య తెలియని వారు ఇక్కడ అరుదు. దత్తపదిలో నాలుగు పదాలు ఇచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు. నిషిద్ధాక్షరిలో కవి ఒక అక్షరం చెప్పగానే తరువాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతూ పోతాడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి కలిసి ఊరూరా అవధానాలు చేసిన కృష్ణా తీరంలో నివసిస్తూ, ఈ సేవ నిర్వాహకులు మొదటి నెల అంతా స్వేచ్ఛ పేరుతో బోలు అంశాలు పంపడం వింతగానే తోచింది. వచనం రాసేవారికి ఛందస్సు అడ్డు లేదు కాబట్టి నిషేధాలు ఇంకా అవసరం. దత్తపదిని వచనానికి తెచ్చి ‘స్టెప్నీ, తులసికోట, వకాల్తా, నిద్రమాత్ర’ అన్న నాలుగు మాటలతో ఒక కథ రాయమన్న రోజు, పద్యం జోలికి ఎన్నడూ పోని వారు కూడా ఉత్సాహంగా రాశారు.

అన్ని నిషేధాలూ ఒకేలా పనిచేయవు. ‘నేను’ అనే పదం వాడకుండా స్వీయానుభవం రాయండి అని ఒక రోజు వచ్చింది. ఇది ఇంగ్లీషు రచనా శిబిరాలలో ఇచ్చే అభ్యాసం. ఆ భాషలో కర్త లేకుండా వాక్యం నడవదు కాబట్టి అక్కడ అది కఠినమైన పరీక్ష. తెలుగులో ‘వెళ్ళాను, తిన్నాను, పడుకున్నాను’ అంటే చాలు, కర్త ఎవరో క్రియే చెబుతుంది. అందరం అది అభ్యాసమని కూడా గ్రహించకుండా పూర్తి చేశాము. ఇలా అరువు తెచ్చి, మన భాషలో పరీక్షించి చూడకుండా పంపిన అంశాలు మరికొన్ని ఉన్నాయి. మంచు కురుస్తున్న రాత్రి తలుపు తట్టిన అపరిచితుడి గురించి రాయమని మే నెలలో అడిగారు. విజయవాడ మే నెల ఎలా ఉంటుందో తెలిసినవారు ఆ అపరిచితుడికి తలుపు తీసే ముందు కూలర్ కట్టేయాలేమో ఆలోచించుకోవాలి. ఊహకు హద్దులు ఉండాలని నా ఉద్దేశం కాదు, మంచు మీద కూడా గొప్పగా రాయవచ్చు; కాని రోజూ అరగంట మాత్రమే చేతిలో ఉన్నవారికి తెలియని వాతావరణాన్ని ఊహించడంలోనే ఆ సమయం గడిచిపోతుంది.

ఇక అలవాటు సంగతి. ‘21 రోజుల్లో రాసే అలవాటు’ అని వారి ప్రకటనలో ఉంది. ఈ లెక్కకు మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. శస్త్రచికిత్స తరువాత మారిన రూపానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతున్నదని ఆయన గమనించారు. అది రచనకు గాని, మరే దైనందిన పనికి గాని సంబంధించిన కొలత కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిపై జరిపి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక పని ప్రయత్నం లేకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. అక్కడ ఎంచుకున్న పనులు తిండి, పానీయం, వ్యాయామం వంటివి కాబట్టి రచనకు అదే అంకె వర్తిస్తుందని నేను అనను. అయితే మూడు నెలల చందా అనే ఏర్పాటు మాత్రం ప్రకటనలోని 21 రోజుల కంటే వాస్తవానికి దగ్గరగా ఉన్నదని దీన్నిబట్టి చెప్పవచ్చు.

అదే అధ్యయనంలో మరొక విషయం కూడా తేలింది. ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగిన హాని జరగదు. ఈ సేవ మాత్రం దీనికి విరుద్ధంగా నడుస్తున్నది. ఎవరు వరుసగా ఎన్ని రోజులు రాశారో ప్రతి ఆదివారం జాబితా పెడతారు, ఒక రోజు తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇంట్లో పెళ్ళి వచ్చి రెండు రోజులు రాయలేకపోయిన ఒక చందాదారు, జాబితాలో అడుగుకు పడిపోయిన తరువాత మళ్ళీ గుంపులో కనిపించలేదు. జాబితాలో పేరు నిలబెట్టుకోవడానికి అర్ధరాత్రి ముందు రెండు పంక్తులు గిలికి పెట్టేవారూ ఉన్నారు. నిర్వాహకులు వెంటనే తీసేయవలసినది ఏదైనా ఉంటే ఈ జాబితాయే. దాని బదులు, ప్రతి ఒక్కరూ తాము రాసుకునే సమయాన్నీ చోటునూ ముందుగా నిర్ణయించుకునేలా మొదటి రోజే అడిగితే మేలు. ఉదయం కాఫీ అయిన వెంటనే రాసేవారు, ఆఫీసుకు వెళ్ళే బస్సులో ఫోన్‌లోనే రాసేవారు గుంపులో నిలకడగా కొనసాగారు. తీరిక దొరికినప్పుడు రాద్దామనుకున్నవారు ఒక్కొక్కరే తగ్గిపోయారు. అంశం రోజూ ఆరు గంటలకే, ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా రావడం ఈ విషయంలో ఎంతో సహాయపడింది. నిర్వాహకుల ఈ క్రమశిక్షణను మెచ్చుకోవాలి.

వారానికొకసారి వచ్చే అభిప్రాయాలు మొదట నిరాశపరిచాయి. ‘చాలా బాగుంది, కొనసాగించండి’ అన్న మాటకు డబ్బు కట్టనక్కరలేదు, బంధువులు ఉచితంగానే అంటారు. నిర్దిష్టంగా చెప్పమని అడిగిన తరువాత తీరు మారింది. నా కథలో మూడో పేరా తీసేస్తే నష్టం లేదని, ముగింపు వాక్యం పాఠకుడికి ముందే తెలిసిపోతున్నదని, తండ్రి పాత్ర మాట్లాడే భాష ఒకచోట గుంటూరు జిల్లాది, మరొకచోట వార్తాపత్రికది అయిందని రాసి పంపారు. మూడూ సరైనవే. అడగనివారికి కూడా ఇదే శ్రద్ధ దక్కుతున్నదో లేదో నేను చెప్పలేను. చందా కట్టేవారు మొదటి వారంలోనే అడిగి పుచ్చుకోవడం మంచిది.

నోటుపుస్తకం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అట్ట అందంగా ఉంది, కాగితం పలుచన. బాల్‌పెన్నుతో రాసేవారికి సరిపోతుంది గాని, నా రాజమండ్రి రత్నం పెన్నుకు అది తట్టుకోలేదు, సిరా వెనక పేజీకి దిగింది.

ఇప్పటికే క్రమంగా రాస్తున్నవారికి, పెద్ద నవల మధ్యలో ఉన్నవారికి ఈ సేవ అవసరం లేదు. రోజుకొక కొత్త అంశం వారి దృష్టిని చెదరగొడుతుంది. ఒకప్పుడు రాసి మానేసినవారికి, రాయాలని ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారికి సిఫారసు చేస్తాను. చేరే ముందు నమూనాగా ఒక వారం అంశాలు చూపమని అడగండి. వాటిలో సగమైనా ఒక స్థలాన్నీ, ఒక మనిషినీ, ఒక నిషేధాన్నీ ఇస్తున్నాయో లేదో చూడండి. అన్నీ ‘ప్రేమ’, ‘కాలం’, ‘ఆశ’ అయితే డబ్బు దాచుకోవచ్చు. నేను నోటుపుస్తకం వద్దని చెప్పి, 500 రూపాయలకు మరో మూడు నెలలు పొడిగించుకున్నాను. ఈసారి ఆదివారం జాబితాలో నా పేరు చేర్చవద్దని కోరితే, అభ్యంతరం చెప్పకుండా అంగీకరించారు.