ఇన్సూరెన్స్‌లో వేయించిన సిల్వర్ పెయింట్, మూడేళ్లు వాడాక నా అనుభవం

పొద్దున ఏడింటికి మా అపార్ట్‌మెంట్ బయట రోడ్డు మీద కార్ పెట్టి ఎడమ పక్క నుంచి డోర్లు చూస్తే ఇప్పుడు ఎవరికీ తేడా తెలీదు, కొత్తగా చూసినవాళ్లకి అసలు పెయింట్ వేశారన్న సంగతే తెలీదు. కానీ ఇక్కడిదాకా రావడానికి అదే డోర్‌కి రెండుసార్లు పెయింట్ వేయించాల్సొచ్చింది, నెలన్నర తిరిగా. మూడేళ్లు ఎండలో వానలో వాడాను కాబట్టి ఏది నిలబడింది ఏది నిలబడలేదు అనేది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మాది విజయవాడ. కార్ 2019 హ్యాచ్‌బ్యాక్, సిల్వర్ మెటాలిక్. 2022 జూన్‌లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ట్రాలీ ఆటో ఎడమ వైపు మొత్తం గీసుకుంటూ పోయింది. ముందు బంపర్ మూల చీలింది, ఫెండర్ లోపలికి నొక్కుకుపోయింది, ముందు డోర్ మీద మూరెడు గీత. వెనక డోర్‌కి చిన్న గీత కూడా పడలేదు, అయినా తర్వాత గొడవంతా ఆ వెనక డోర్ గురించే.

జీరో డిప్ (పార్టుల పాతదనానికి డబ్బు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) ఉంది కాబట్టి క్యాష్‌లెస్‌లో పెట్టాం, డ్యామేజ్ లెక్కేసే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకుని ఫెండర్ కొత్తది, డోర్ టింకరింగ్ పెయింటింగ్, బంపర్ రిపేర్ అని అప్రూవ్ చేశాడు. అప్పుడు నా జేబులోంచి పోయింది కంపల్సరీ డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో మనం తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన 1000 రూపాయలే, 1500 సీసీ దాటిన కార్లకైతే అది 2000. జీరో డిప్ లేనివాళ్లకి పెయింట్ మెటీరియల్ మీద 50 శాతం కోస్తారు, బిల్లులో మెటీరియల్, లేబర్ విడిగా చూపించకపోతే మొత్తం పెయింటింగ్ చార్జీలో 25 శాతాన్ని మెటీరియల్ కింద లెక్కేసి అందులో సగం తీసేస్తారు, బంపర్ లాంటి ప్లాస్టిక్ పార్ట్ మార్చినా 50 శాతం పోద్ది. అందుకే పాలసీ తీసుకునేటప్పుడు కొంచెం ఎక్కువైనా జీరో డిప్ తీసుకోమనే చెప్తాను.

డెలివరీ సాయంత్రం ఏడింటికి ఇచ్చారు. ట్యూబ్‌లైట్ల కింద కార్ అద్దంలా మెరుస్తోంది, సంతోషంగా వోచర్ మీద సంతకం పెట్టి తెచ్చేసుకున్నా. తెల్లారి మా బావ కిందకి దిగి చూసి "ఇదేంట్రా, డోర్ వేరే కార్‌ది పెట్టారా" అన్నాడు. ఎండలో చూస్తే నిజంగానే ముందు డోర్ సున్నం తెలుపు, వెనక డోర్ బూడిద రంగు, మధ్యలో గీత గీసినట్టు తెలుస్తోంది. ఇంకా బాధ కలిగించింది ఏంటంటే ముందుకెళ్లి బానెట్ దగ్గర నిలబడి పక్క నుంచి చూస్తే అంతా తిరగబడుతోంది, తెల్లగా ఉన్న డోర్ నల్లగా కనపడుతోంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "సార్ కంపెనీ కలర్ కోడ్ ప్రకారమే వేశాం, పాత పెయింట్ ఎండకి వెలిసింది, ఒక నెల వాడితే కలిసిపోద్ది" అన్నారు. పది రోజులు చూశాను, ఏమీ కలవలేదు. మెటాలిక్ షేడ్ వాడే కొద్దీ కలవడం అనేది ఉండదు, ఎవరన్నా అలా చెప్తే దయచేసి ఆగకండి.

అప్పుడు మా ఫ్రెండ్ ఆటోనగర్‌లో ఒక పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లాడు, పెద్దాయన, అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన ముందు ఏం మాట్లాడలేదు, తడిగుడ్డతో రెండు డోర్లూ తుడిచి, ఎదురుగా నిలబడి, తర్వాత హెడ్‌లైట్ దగ్గర వంగి, మళ్లీ వెనక లైట్ దగ్గర వంగి చూశాడు. చూసి "రంగు తప్పు కాదు బాబూ, కొట్టిన చెయ్యి తప్పు, పొడిగా కొట్టాడు" అన్నాడు. ఆయన చెప్పిన విషయం ఏంటంటే సిల్వర్‌లో సన్నటి అల్యూమినియం రేకులు ఉంటాయి, స్ప్రే గన్ దూరంగా పెట్టి గాలి ఎక్కువిచ్చి పొడిగా కొడితే ఆ రేకులు పైపైన పడుకుని ఎదురుగా తెల్లగా మెరుస్తాయి, తడిగా కొడితే లోపలికి దిగి అడ్డదిడ్డంగా నిలబడి ముదురుగా కనపడతాయి. అంటే ఒకే డబ్బాలో రంగు, ఒకే గన్, ఇద్దరు మనుషులు కొడితే రెండు షేడ్లు. ఫ్యాక్టరీలో మెషీన్ కొట్టినట్టు చేత్తో కొట్టడం ఎంత కష్టమో అప్పుడే అర్థమైంది.

కోడ్ సంగతి కూడా అడిగా. కోడ్ ఒకటే అయినా బ్యాచ్‌ని బట్టి కొంచెం తెల్లవి, కొంచెం నీలం తిరిగినవి ఉంటాయట, పెయింట్ కంపెనీలే ఒక్క కోడ్‌కి రెండు మూడు ఫార్ములాలు ఇస్తాయట. అందుకే ఆయన మిక్సింగ్ షాపుకి కోడ్ నంబర్ రాసిచ్చి ఊరుకోడు, పెట్రోల్ ట్యాంక్ మూత విప్పి, దాన్ని పాలిష్ పట్టి, చేతిలో పట్టుకెళ్తాడు. పాలిష్ ఎందుకంటే పైన మురికి, వెలిసిన పొర ఉండగా కలిపితే మురికి రంగుకి కలిపినట్టు అవుతుంది. కలిపిన రంగుని ఒక కార్డు మీద కొట్టి, రంగు పైన వేసే పారదర్శకమైన పొర, అదే క్లియర్ కోట్ కూడా వేసి, ఆరాక ఎండలో ఆ మూత పక్కన పెట్టి చూస్తాడు. క్లియర్ వేయకుండా చూస్తే షేడ్ మోసం చేస్తుంది.

ఈ మాటలన్నీ పట్టుకుని మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి మేనేజర్‌ని పగలు పన్నెండింటికి బయటికి పిలిచి మూడు పక్కల నుంచి చూపించా. ముందు డోర్ ఫ్రీగా మళ్లీ వేస్తామన్నారు, అది వాళ్ల తప్పు కాబట్టి. కానీ బాబాయ్ చెప్పింది ఇంకోటి ఉంది, సిల్వర్‌కి ఎంత బాగా కలిపినా పక్క డోర్ అంచు దగ్గర టక్కున ఆపేస్తే తేడా తెలుస్తుంది, పక్క డోర్ మీదకి రంగు పల్చపల్చగా జార్చుకుంటూ పోయి ఆ డోర్ మొత్తానికి క్లియర్ కోట్ వేయాలి. దాన్నే బ్లెండింగ్ అంటారు. కన్ను తేడాని పట్టుకోవడానికి గీత కావాలి, గీత లేకుండా చేస్తే పట్టుకోలేదు. సర్వేయర్‌ని అడిగితే వెనక డోర్ డ్యామేజ్ కాలేదు కాబట్టి ఇవ్వలేనన్నాడు, అప్పటికే ఫైనల్ బిల్లు కూడా అయిపోయింది. ఆ బ్లెండింగ్‌కి 4,200 నేనే పెట్టుకున్నా. ఇదే మాట మొదట ఎస్టిమేట్ రాసే రోజు అడిగి "పక్క ప్యానెల్ బ్లెండింగ్" అని రాయించి ఉంటే కనీసం మాట్లాడ్డానికి ఒక కాయితం ఉండేది. మీరు మాత్రం మెటాలిక్ గానీ పెర్ల్ వైట్ గానీ అయితే సర్వేయర్ రాకముందే ఈ లైన్ రాయించండి, ఒప్పుకోకపోయినా ఎంతవుతుందో ముందే తెలుస్తుంది.

రెండోసారి తీసుకునేటప్పుడు పొద్దున పదింటికి వెళ్లా. అప్పటి నుంచి ఇప్పటికి మూడేళ్లు దాటింది.

డోర్లు రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఫెండర్ కూడా అంతే. పక్కనున్న ఫ్యాక్టరీ పెయింట్‌తో పాటే వయసొచ్చింది, వెలవలేదు. నేను తీసుకున్న జాగ్రత్త ఒకటే, మొదటి నెల ఫోమ్ వాష్ చేయించలేదు, రెండు నెలలు వ్యాక్స్ పెట్టలేదు, ఎందుకంటే బయట వేసే పెయింట్‌ని బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఓ అరగంట కాలుస్తారు, ఫ్యాక్టరీలో ప్లాస్టిక్కులు, వైర్లు లేని ఖాళీ బాడీని అంతకి రెట్టింపు వేడిలో కాలుస్తారు, కాబట్టి మనది పూర్తిగా గట్టిపడ్డానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ టైంలోనే ఒకసారి పిట్ట రెట్ట పడి రెండు రోజులు తుడవలేదు, ముందు డోర్ పైన గోరంత మచ్చ ఇప్పటికీ ఉంది. వెనక డోర్ హ్యాండిల్ విప్పకుండా టేప్ అంటించి కొట్టారు, దాని చుట్టూ గోరు పెడితే సన్నటి మెట్టు తగులుతుంది. కంటికి కనపడదు గానీ కడిగినప్పుడల్లా గుడ్డకి తెలుస్తుంది. హ్యాండిల్, బీడింగ్ విప్పి వేయమని ముందే గట్టిగా అడగండి.

నిలబడనిది బంపర్. చీలిన మూలని అతికించి లప్పం పెట్టి రంగేశారు, రెండో ఎండాకాలానికే అక్కడ పావలా కాసంత పెచ్చు లేచింది, ఇప్పుడు అరచేతిలో సగం అయింది. బాబాయ్ గోరుతో లేపి చూసి కింద ప్లాస్టిక్ ప్రైమర్ వేయలేదన్నాడు, అది లేకపోతే బంపర్‌కి రంగు పట్టుకోదు. జీరో డిప్ ఉండగా చీలిన బంపర్‌ని మార్చమని నేను పట్టుబట్టాల్సింది, అడగలేదు, ఇప్పటికీ అదొక్కటే మనసులో ఉండిపోయింది. షేడ్ మాత్రం, బంపర్ ఫెండర్ కంటే కొంచెం తేడాగా ఉంటే కంగారు పడకండి, చాలా కొత్త కార్లలో కూడా ప్లాస్టిక్‌కి విడిగా రంగేస్తారు కాబట్టి ఆ కాస్త తేడా ఉంటుంది, షోరూమ్ ముందు నిలబడ్డ బళ్లని చూస్తే మీకే తెలుస్తుంది.

ఈ బంపర్ కోసం మళ్లీ క్లెయిమ్ పెట్టను. 2022లో 25 శాతం ఉన్న ఎన్‌సీబీ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆ క్లెయిమ్‌తో సున్నా అయింది, ఆ తర్వాత 20, 25 దాటి ఈ ఆగస్టు రెన్యువల్‌కి 35 వచ్చింది. సంక్రాంతి వెళ్లాక గాల్లో తేమ తగ్గుతుంది, అప్పుడు తీసుకురమ్మన్నాడు బాబాయ్. పెట్రోల్ ట్యాంక్ మూత విప్పి తనే మిక్సింగ్ షాపుకి పట్టుకెళ్తానన్నాడు, ఈసారి నేనూ వెంట వెళ్తాను.